ఎదుటి ముద్ద

211వ రోజు, మొదటి షిఫ్టు

గాలి సంఘం వాళ్ళు ఇచ్చిన సాయం పుస్తకంలో కుడివైపు పేజీలు వాళ్ళవి. ఎడమవైపు ఖాళీగా వదిలేసినవి నావి. ఐదేళ్ళు నిండని పిల్ల ఉన్న ప్రతి ఇంట్లోనూ, ఆ రోజు పెద్దవాళ్ళు పిల్లకు ఏ సాయం ఎన్నిసార్లు చేశారో కుడివైపు రాయాలి. నిన్నటివి రాసేశాను. జడ వేయడం, ఒకసారి. మాస్కు జల్లెడ కడిగి ఇవ్వడం, ఒకసారి. తొట్టిలోంచి నీళ్ళు ముంచి ఇవ్వడం, రెండుసార్లు. చెప్పు పట్టీ బిగించడం, ఒకసారి. అది పిల్ల అడగలేదు, నేనే బిగించాను. అది కూడా రాశాను. ఈ పాత బొగ్గుబాయి అడుగున, మా గ్యాలరీ ఇళ్ళలో ఇలాంటివి దాచేవాళ్ళు ఉన్నారు. నాకు అలవాటు లేదు.

ఎడమవైపు రాయవలసింది ఇది. నా మనవరాలు ఇందుజ రెండోసారి కూడా పరీక్ష తప్పింది.

పరీక్ష చెప్పుకోవడానికి చిన్నదే. చెడుగాలి వచ్చినట్టు సైరన్ మోగుతుంది. గోడకు వేలాడుతున్న తన మాస్కు తీసి, ఎవరి సాయమూ లేకుండా తనే పెట్టుకోవాలి. దానికి పన్నెండు సెకన్లు. ఆ తర్వాత పదిహేను అడుగులు నడిచి గాలి గదిలోకి పోయి, తలుపు మూసి, లోపల గొళ్ళెం పెట్టుకోవాలి. దారిలో పెద్దమనిషంత గుడ్డబొమ్మ ఒకటి పడి ఉంటుంది. దాన్ని దాటుకుని పోవాలి. అంతే.

మొదటిసారి ఇందుజ మాస్కు తీసుకుని తిన్నగా గడియారం పట్టుకుని నిలబడ్డ ఆమె దగ్గరికి పోయి, ఆమె చేతికి ఇచ్చింది. అర్థం కాక ఇచ్చిందనుకున్నాం. నిన్న బొమ్మ దగ్గర ఆగింది. మోకాళ్ళ మీద కూర్చుని తన మాస్కు బొమ్మ మొహానికి తొడిగింది. తల కొంచెం ఎత్తి వెనక పట్టీ కూడా బిగించింది. నలభై ఒక్క సెకన్లు పట్టింది. పట్టీ సరిగ్గా బిగించిందని కాగితంలో రాసి, కింద 'తప్పింది' అని రాశారు.

ఇంటికి వస్తూ అడిగాను, ఎందుకే అట్ల చేసినవ్ అని.

"ఆయనకు లేదు గద అమ్మమ్మా" అంది.

మూడోది 270వ రోజున. అదీ తప్పితే ఇంటి నుంచి తీసుకుపోయి, ఎనిమిదేళ్ళు వచ్చేదాకా సంఘం నడిపే పిల్లల లైనులో పెడతారు. ఆదివారం ఒక గంట చూడనిస్తారు. దీని తల్లి స్రవంతి, నా బిడ్డ, పైన పలకల పొలంలో ఉంది. పైన ఎండకు మనిషి అరగంట కూడా నిలబడలేడు. చల్లని బండిలో కూర్చుని సౌరపలకల మీద దుమ్ము దులిపే పని దానిది. వేసవి అంతా అయ్యాక గానీ కిందికి దిగదు. దిగేసరికి పిల్ల ఇంట్లో ఉండాలి. నేను దానికి ఇచ్చిన మాట అదొక్కటే.

213వ రోజు, రెండో షిఫ్టు

ఫ్యాను మూతి దగ్గర బట్టలు ఆరేస్తుంటే పక్కింటి కొమురక్క వచ్చింది. వాళ్ళ మనవడు నాలుగేళ్ళకే, ఎనిమిది సెకన్లలో పాసయ్యాడు.

"మీ పొల్ల గుడ్డబొమ్మకు ముసుగు తొడిగిందట గద సుగుణక్కా. బువ్వ పెట్టలేదా ఇగ?"

"పెట్టేదేమో. గిన్నె లేకపాయె" అన్నాను.

నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "ఊకనే అంటున్న గానీ, మా ఇండ్ల ఏడాది నిండంగనే కంచం ముంగట పెట్టి పక్కకు జరుగుతం. తింటె తింటడు, లేకుంటె లేదు. మావోడు ఇప్పుడు తన కంచం తనే గుంజుకుంటడు. నా కంచం గూడ గుంజుకుంటడు. నువ్వు జర గట్టిగుండాలె" అంది.

గట్టిగానే ఉన్నాను అనుకున్నాను. పుస్తకం తిరగేసి చూశాను. ముప్పై రోజుల్లో ఇందుజకు చేసిన సాయం రోజుకు సగటున ఐదు. గ్యాలరీ సగటు తొమ్మిది. బట్టలు తనే వేసుకుంటుంది, తనే కడుక్కుంటుంది, ఒంటరిగా పడుకుంటుంది. తప్పు ఎక్కడుందో లెక్కలో దొరకలేదు.

216వ రోజు, మొదటి షిఫ్టు

పరీక్ష పెట్టే ఆమె ఇంటికి వచ్చింది. పేరు నవనీత. ముప్పై ఏళ్ళు దాటినట్టుంది. రెండుసార్లు తప్పిన పిల్లల ఇళ్ళు చూడాలని నియమమట. పుట్టగొడుగుల అరలు చూసింది, మాస్కులు తగిలించే కొక్కేల ఎత్తు కొలిచింది, కుడివైపు పేజీలన్నీ చదివింది. "మంచిగ రాసినవక్కా. ఇంత సక్కగ ఎవ్వరు రాయరు" అంది.

జొన్నన్నం, పప్పు దించాను. మా ఆయన రాజమల్లు ఫ్యాన్ల గదిలో షిఫ్టు దిగి వచ్చాడు. నలుగురం కూర్చున్నాం. ఇందుజ కలిపిన మొదటి ముద్ద నా నోట్లో పెట్టింది. నేను ఆయన నోట్లో పెట్టాను. ఆయన ఇందుజకు పెట్టాడు. అప్పుడు తినడం మొదలుపెట్టాం. ఇందుజ ఇంకో ముద్ద చేసి నవనీత వైపు చాచింది. నవనీత తల వెనక్కి తీసుకుంది.

"ఇదేంది?"

చెప్పాను. పైనుంచి బాయిలోకి దిగిన తొలి ఏళ్ళలో తిండి తక్కువ. అందరూ నేను తిన్నా, నేను తిన్నా అని ఒకరితో ఒకరు అబద్ధాలు చెప్పి లేచేవాళ్ళు. మా అత్తగారు ఒకరోజు ఆచారం పెట్టింది. ఎవరి మొదటి ముద్ద వాళ్ళు తినకూడదు. ఎదురుగా ఉన్నవాళ్ళ నోట్లో పెట్టాలి. అప్పుడు ఎవరూ తినకుండా లేవలేరు. దాన్ని ఎదుటి ముద్ద అంటాం. పిల్లకు రెండో ఏట నుంచి నేనే నేర్పాను.

నవనీత పిల్లను నీళ్ళు తెమ్మని పంపి, అప్పుడు చెప్పింది.

"అక్కా, పిల్లకు మీరు చేసే సాయం నేను చూస్తున్న గానీ, పిల్ల చేసేది చూడలే. సాయం అడిగే పిల్లలను ఒక్క నెలల మారుస్తం. ఇది వేరే. ఇది అసొంటి పిల్ల కాదు. తన చేతిల ఏదున్నా ముందుగాల ఎదుటోళ్ళకే పోతది. మాస్కు గూడ గంతే."

"అది తప్పా బిడ్డా?" అన్నాడు మా ఆయన.

"తప్పని నేనంటలేను పెద్దయ్యా. రెండో బాయిల చెడుగాలి వచ్చిననాడు పందొమ్మిది మంది పిల్లలు పోయిండ్రు. ఎనిమిది మంది, పెద్దోళ్ళు వచ్చి మాస్కు పెడ్తరని చూసుకుంట పోయిండ్రు. పదకొండు మంది తమ మాస్కు ఇంకొకరికి ఇయ్యబోయి పోయిండ్రు. లెక్క రాసినోళ్ళు గట్ల రాసిండ్రు. నాకప్పుడు ఐదేండ్లు. నేను తలుపేసుకున్న. మా అవ్వ బయట ఉన్నది. గొళ్ళెం పెట్టుకో, గొళ్ళెం పెట్టుకో అని మొత్తుకున్నది. పెట్టుకున్న."

పప్పు చల్లారింది.

పోయేముందు రెండు సంగతులు చెప్పింది. ఒకటి, ప్రతి శనివారం ఇందుజను అభ్యాసానికి పిల్లల లైనుకు పంపాలి. అక్కడ చిన్నా పెద్దా పిల్లలంతా ఒకే బల్ల దగ్గర తిని, సాయంత్రం దాకా ఆడుకుంటారు. రెండోది, ఎదుటి ముద్ద మానేయాలి. మానకపోతే లైనులో వాళ్ళే మాన్పిస్తారు.

"ఎట్ల మాన్పిస్తరు?"

"గోడకు గూళ్ళుంటయి. ఒక్కో గూట్ల ఒక్కో పిల్ల. గోడ దిక్కు మొఖం పెట్టి తినాలె. ఆరు నెలలు. మాట్లాడనియ్యరు." చెప్పులు వేసుకుంటూ అంది, "నేను తిన్న అట్ల. మానిపిస్తది."

217వ రోజు, మొదటి షిఫ్టు

గూటి కంటే నేనే నయం అనుకుని ఇవాళ మొదలుపెట్టాను.

ముద్ద చాచింది. మొహం తిప్పుకున్నాను. అటువైపు వచ్చింది. ఇటు తిప్పుకున్నాను. ఆట అనుకుని కిలకిల నవ్వుతూ కంచం చుట్టూ రెండుసార్లు తిరిగింది. "వద్దు, నువ్వు తిను" అన్నాను. "నువ్వు తిన్నంక" అంది. చివరికి నా పెదాలకు పప్పు పూసి కూర్చుంది. నాకు నవ్వు వచ్చింది. నవ్వితే నోరు తెరుచుకుంది. పెట్టేసింది.

ఈ రోజు చాచినవి పదకొండు. నేను తిన్నది ఒకటి. నా పొరపాటు.

219వ రోజు, మొదటి షిఫ్టు

ఉపాయం దొరికింది. తినేటప్పుడు నేను మాస్కు పెట్టుకుని కూర్చుంటున్నాను. నా అన్నం తర్వాత వంటింట్లో తింటాను.

మొదటిరోజు అది కూడా ఆటే. ముద్దతో నా మాస్కు అద్దం మీద తట్టింది. "అమ్మమ్మా, తలుపు తియ్యి." అద్దానికి మెతుకులు అంటుకున్నాయి. వాటి వెనక నుంచి దాని మొహం చూశాను. ఇంకోసారి తట్టింది. కాసేపు ఆగి, ఆ ముద్ద కంచంలో పెట్టి, దాని వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత తినింది.

చాచినవి తొమ్మిది. తిన్నవి సున్నా. మాస్కు కడగడానికి అర చెంబు నీళ్ళు ఎక్కువ అయ్యాయి.

226వ రోజు, రెండో షిఫ్టు

చాచినవి తొమ్మిది, ఏడు, ఏడు, ఆరు, ఎనిమిది, మూడు, మూడు. శనివారంనాడు ఎనిమిదికి ఎందుకు పెరిగిందో తెలియదు.

ఆదివారం స్రవంతితో ఫోన్లో మాట్లాడాను. మూడు నిమిషాలు ఇస్తారు. "పాసైతదా అమ్మా?" అంటే అవుతుందన్నాను. "ఎట్లున్నది?" అంటే మంచిగున్నది అన్నాను. ఇందుజకు ఇస్తే, "అమ్మా, అమ్మమ్మ ముసుగేసుకుని కూసుంటది" అంది. స్రవంతి నవ్వింది. అంతలో లైను కట్టయింది.

231వ రోజు, మొదటి షిఫ్టు

మూడు రోజులుగా సున్నా, సున్నా, సున్నా. ఇంత తొందరగా మారితే నమ్మకూడదు. పచ్చళ్ళ అర పక్కన నిలబడి చూశాను. నేను వంటింట్లో ఉన్న సమయంలో మా ఆయన గోడ వెనక కూర్చుని నోరు తెరిచి ఉన్నాడు. ఇది ఒకటి తర్వాత ఒకటి పెడుతోంది. ఇద్దరూ చప్పుడు చేయడం లేదు.

పిల్ల పడుకున్నాక అడిగాను.

"నా నోరు నా ఇష్టం" అన్నాడు.

"పిల్ల ప్రాణం మీదికి వచ్చే ఇష్టమా?"

"సుగుణా, అది ముద్ద పెడుతుంటె వద్దని ఎట్లంటరే? నాకు చాతగాదు. నీకెట్ల చాతనైతున్నదో నాకు సమజైతలేదు."

"నాకూ చాతగాదు. అందుకే ముసుగు పెట్టుకుంటున్న."

ఆ మాటకు ఆయన తల దించుకున్నాడు. తర్వాత, "రేపటి సంది నేను ఫ్యాన్ల గదిలనే తింట. డబ్బా కట్టియ్యి" అన్నాడు. ఇంట్లో ఉంటే ఆగలేనన్నాడు.

మూడు సున్నాలు కొట్టేసి, పక్కన 'చూడలేదు' అని రాశాను.

240వ రోజు, మొదటి షిఫ్టు

చాచినవి రెండు. కూర్చోగానే చాచడం మానింది. ముద్ద చేతిలో పట్టుకుని ఒకసారి నా వైపు చూసి, నేను కదలకపోతే తినేస్తోంది. చూడటం కూడా లెక్కలోకి వస్తుందా అని ఆలోచించాను. రాయలేదు.

ఇంట్లో తినేటప్పుడు చప్పుడు లేదు. ఇదివరకు ముద్ద పెడుతూ అది ఏదో ఒకటి చెప్పేది. మెతుకు కింద పడితే దాన్ని తిట్టేది. ఇప్పుడు నమలడం వినిపిస్తోంది.

శనివారాలు లైను నుంచి వచ్చాక మాత్రం ఆవురావురుమని తింటోంది. అక్కడ కొలత తక్కువ పెడుతున్నారేమో. నవనీతను అడగాలి.

247వ రోజు, రెండో షిఫ్టు

ఇంట్లోనే అభ్యాసం చేయిస్తున్నాను. మా ఆయన పాత పని బట్టల్లో చింకి గుడ్డలు కుక్కి, కట్టి, నడవలో పడేశాను. గంట కొడతాను. మాస్కు పెట్టుకోవడం తొమ్మిది సెకన్లకు వచ్చింది. కానీ బొమ్మ దగ్గర ఆగుతోంది.

ఇవాళ పదమూడుసార్లు చేయించాను. పదమూడుసార్లూ ఆగింది. నాకు ఓపిక పోయింది. బొమ్మ పొట్ట విప్పి లోపలి గుడ్డలు బయటికి లాగాను. "చూడు. ఇది బొమ్మ. బొమ్మకు గాలి ఎందుకే? దీనికి ముక్కున్నదా? ఊపిరున్నదా? పట్టు, గుంజి చూడు" అని దాని చేయి లోపల పెట్టించాను.

గుడ్డలు తడిమి చూసింది. "నిజంగనే బొమ్మ" అంది.

పద్నాలుగోసారి ఆగలేదు. పక్కనుంచి పోయి తలుపేసుకుంది. గొళ్ళెం పడ్డ చప్పుడు విని నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. సంతోషమే.

258వ రోజు, మొదటి షిఫ్టు

వరుసగా ఎనిమిది రోజులు సున్నా. మా ఆయన ఇంట్లో తినడం లేదు కనుక ఇవి నికరమైన సున్నాలు.

కొమురక్క చూడటానికి వచ్చింది. ఇందుజ తన కంచం తెచ్చుకుని, కూర్చుని, తిని, కడిగి బోర్లించింది. నీళ్ళు తాగుతావా అని కొమురక్కను అడగలేదు. ఇదివరకు గుమ్మంలోనే అడిగేది.

"మొత్తానికి సాధించినవ్ సుగుణక్కా" అంది కొమురక్క. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "మావోడు పుట్టుకతోనే గట్ల. దీన్ని చూస్తె ఎందుకో తెల్వదు, మనసున పట్టలే" అంది. పోవే, నీ మనసు ఎవరు అడిగారని అనాలనిపించింది. అనలేదు.

270వ రోజు, మొదటి షిఫ్టు

పాసయింది.

మాస్కు ఎనిమిది సెకన్లు. బొమ్మ దగ్గర ఆగలేదు. తలుపు, గొళ్ళెం. మొత్తం ఇరవై సెకన్లు. అద్దం వెనక నుంచి చూశాను. మా ఆయన నా భుజం పట్టుకున్నాడు. నవనీత బయటికి వచ్చి, "ఈ ఏడాది ఇదే అన్నిట్ల తక్కువ" అంది. ఆమె కూడా నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

తర్వాత ఇంకో పని ఉందని చెప్పింది. పాసైన పిల్లను ఒంటరిగా కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడుగుతారట. తన పని తాను చేసుకోగల పిల్లకు, తాను ఎక్కడ ఉండాలో చెప్పే హక్కు ఉంటుందని నియమం. ఇల్లా, లైనా. రెండుసార్లు అడుగుతారు. రెండుసార్లూ ఒకటే చెబితే అదే ఖాయం. "ఏం గాదక్కా, ఊకె రాసుకునేదానికే. ఇన్నేండ్లల్ల ఒక్క పిల్ల గూడ ఇల్లు వద్దనలే" అంది.

ఇందుజ బల్ల దగ్గర కాళ్ళు ఊపుతూ కూర్చుంది. నవనీత అడగడం అద్దంలోంచి కనిపించింది. వినిపించలేదు. పిల్ల ఏదో చెప్పింది. నవనీత కలం ఆపింది. మళ్ళీ అడిగింది. పిల్ల మళ్ళీ అదే చెప్పింది. పెదాల కదలిక రెండుసార్లూ ఒకటే.

నవనీత తలుపు తీసి వచ్చింది. మా ఇద్దరి వైపు కాకుండా మధ్యలో గోడ వైపు చూసి, "లైను అన్నది" అని చెప్పింది.

"మళ్ళొకసారి అడుగు బిడ్డా. దానికి సమజ్ గాలేదు" అన్నాడు మా ఆయన.

"రెండుసార్లే అడగాలె పెద్దయ్యా. మూడోసారి అడిగితె ఒత్తిడి చేసినట్టు."

దాని వేలిముద్ర అప్పటికే పడింది.

270వ రోజు, రెండో షిఫ్టు

బట్టలు సర్దాను. గౌన్లు నాలుగు, తువ్వాలు రెండు, దువ్వెన, మాస్కు. రేపు మొదటి షిఫ్టులో దింపాలి. ఇందుజ మంచం మీద కూర్చుని నేను మడతపెట్టినవి మళ్ళీ సరిచేస్తోంది.

అడగకూడదనుకున్నాను. అడిగాను.

"ఎందుకు బిడ్డా అక్కడికి?"

"అక్కడ పిండి ఉన్నది."

"పిండి ఏంది?"

"పిండి అంటె చిన్నపిల్ల. తెల్లగ ఉంటది, అందుకని పిండి అంటం. దానికి వాళ్ళమ్మ లేదు. కూర కారముంటె ఏడుస్తది. శనారం నా పక్కన కూసుంటది. నేను పెడితె తింటది."

నా చేతిలో గౌను అలాగే ఉండిపోయింది. "నువ్వు పెడుతవా?"

"ఆ. నోరు పెద్దగ తెరుస్తది. నాది మొత్తం పెట్టేస్త." గొంతులో ఏ దాపరికమూ లేదు. "నీకు వద్దు గద అమ్మమ్మా. తాతకు గూడ వద్దు. దానికి కావాలె."

నేను మంచం అంచున కూర్చున్నాను. కాసేపటికి ఇంకో ప్రశ్న అడిగాను. దీనికి జవాబు వద్దు అనుకుంటూనే అడిగాను.

"అక్కడ నిజంగ సైరన్ మోగితె ఏం చేస్తవ్?"

"మాస్కు పెట్టుకుంట. ఎనిమిది సెకండ్లు."

"పిండికో?"

"దానికి పెట్టి, నేను పెట్టుకుంట. దానికి పెట్టుకునుడు రాదు గద."

"బొమ్మ దగ్గర ఆగలేదు గద ఇయ్యాల నువ్వు."

నన్ను చూసి నవ్వింది. అమ్మమ్మ ఇంత చిన్న విషయం మర్చిపోయిందే అన్నట్టు నవ్వింది. "అది బొమ్మ గద. బొమ్మకు గాలెందుకు? నువ్వే చెప్పినవ్."

271వ రోజు, రెండో షిఫ్టు

దింపి వచ్చాం. గేటు దగ్గర మా ఆయన చేయి వదిలేసి, తనే సంచి మోసుకుని లోపలికి పోయింది. బల్ల అటువైపు నుంచి రెండున్నరేళ్ళ పిల్ల ఒకతి పడుతూ లేస్తూ ఎదురొచ్చింది. నిజంగానే పిండిలా ఉంది.

ఇంటికి వచ్చి పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. రేపు దాన్ని సంఘం ఆఫీసులో అప్పగించాలి. ఆఖరి పేజీలో, పరీక్ష అయ్యాక పిల్లలో గమనించినవి రాయమని ఉంది.

"ఏం రాస్తున్నవ్?" అన్నాడు మా ఆయన.

"నిన్న అది చెప్పిన మాట."

"రాయకు." నా ఎదురుగా కూర్చున్నాడు. "సుగుణా, రాయకు. రాస్తె గూట్ల పెడ్తరు. గోడ దిక్కు మొఖం పెట్టి తినాలె. ఆ చిన్నదాన్ని దాని కాడికి రానియ్యరు. ఇంట్ల లేంది అక్కడ దొరికితెనే పోయింది అది."

"రాయకుంటె? రేపు సైరన్ మోగితె?"

"ఇరవై ఆరేండ్ల సంది మోగలే."

"ఇరవై ఆరేండ్ల కింద గూడ అట్లనే అనుకున్నరు."

"మోగుతదో లేదో ఎవరికెరుక? గూడు మాత్రం రేపే."

ఆయన మాట తప్పని చెప్పలేను. ఎన్నిసార్లు చూసినా లెక్క ఒకవైపుకు తేలదు. ఒక పక్క ఎప్పుడో రావచ్చు, రాకపోవచ్చు అనే చెడుగాలి. ఇంకో పక్క రేపటి నుంచి ఆరు నెలలు గోడ. కానీ రెండింటిలో ఒకటే దిద్దుకోలేనిది. గోడ దిక్కు తిని కూడా నవనీత బతికింది. పెరిగి ఉద్యోగం చేస్తోంది. ఎవరు ముద్ద చాచినా తల వెనక్కి తీసుకుంటుంది, అంతే. ఆ పదకొండు మంది పిల్లలు అది కూడా చేయలేరు.

ఆయన లేచి ఫ్యాన్ల గదికి పోయాడు. షిఫ్టు కాదు. అయినా పోయాడు.

రాశాను. పిండి అన్న పేరు రాయలేదు. 'తనకంటే చిన్నపిల్లకు తన అన్నం పెడుతోంది, మాస్కు కూడా ముందు ఆ పిల్లకే పెడతానంటోంది' అని రాశాను. యాభై రోజులకు పైగా నోరు మూసుకుని చేసిన పనిని ఒక్క వాక్యంతో మళ్ళీ చేశాను.

272వ రోజు, మొదటి షిఫ్టు

సంఘం ఆఫీసులో గుమాస్తా లింగయ్య పుస్తకం తీసుకుని, నా ముందే పెద్ద రిజిస్టరులో ఎక్కించడం మొదలుపెట్టాడు. ఆఖరి పేజీ దగ్గర ఆగి, కళ్ళద్దాలు పైకి జరిపి రెండుసార్లు చదివాడు.

"అక్కా, ఈ ముక్క ఏడ ఎక్కియ్యాలె?"

రిజిస్టరు నా వైపు తిప్పాడు. పిల్ల పేరు పక్కన మూడు గడులు. 'తనకు తాను చేసుకోగలిగినవి.' నిండిపోయింది. 'ఇతరుల సాయం కావలసినవి.' అందులో సున్నా వేశాడు. మూడోది ఖాళీగా ఉంది. పైన 'లోపాలు' అని ఉంది.

"ఇంకో గడి లేదా అన్నా?"

"ఉన్నవి ఇవ్వే" అన్నాడు. కలం పట్టుకుని నా మొహం వైపు చూస్తూ కూర్చున్నాడు. వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు పుస్తకాలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"అందులోనే ఎక్కించు" అన్నాను.

ఎక్కించాడు. చదువుకుని సంతకం పెట్టమన్నాడు. చదివాను. ఇందుజ పేరు ఇందిర అని రాశాడు. దిద్దించి, సంతకం పెట్టాను.